పాత పికప్‌లో స్పీడోమీటర్ ఆగిపోతే: మీటర్ కొనే ముందు చూడాల్సినవి

కోయంబేడుకి కూరగాయలు తెచ్చే పికప్‌లలోకి, మాధవరం గోడౌన్ల దగ్గర లోడు కోసం ఆగి ఉండే బండ్లలోకి ఒకసారి తొంగి చూడండి. బండి పాతదైతే స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గరే ఉండిపోవడం చాలా మామూలు. నెల్లూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చి చెన్నైలో బండి నడుపుకునే మన వాళ్లు చాలామంది ‘బండి తిరుగుతోంది కదా, మీటర్‌తో పనేముంది’ అని వదిలేస్తారు. దయచేసి అలా వదిలేయకండి. ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలో, లీటరు డీజిలుకి ఎంత ఇస్తోందో, టైర్లు ఎంత తిరిగాయో తెలిసేది మీటర్‌లోని కిలోమీటర్ల అంకెల వల్లే. పైగా ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. అక్కడ స్పీడోమీటర్ కూడా చూస్తారు. 2023 నవంబరు నుంచి చెన్నైలో లైట్ వాహనాలకు 60, ఇళ్ల మధ్య వీధుల్లో 30 కిలోమీటర్ల పరిమితి ఉంది. మీటరే లేకపోతే ఆ పరిమితిలో ఉన్నామో లేదో మనకి ఎలా తెలుస్తుంది?

షెడ్డుకి తీసుకెళ్తే ఎక్కువసార్లు వినిపించే మాట ఒకటుంది: ‘మీటర్ పోయిందన్నా, వేరేది వేసేద్దాం.’ బండి కిందికి దూరకుండానే ఆ మాట అంటే డబ్బు తీయకండి. ఈ మొత్తంలో ఖరీదైన భాగం మీటరే, నిజంగా చెడిపోవడం తక్కువ జరిగేదీ దానికే. చక్రం కదలిక గేర్ బాక్స్ నుంచి ముల్లు దాకా వెళ్లాలి. ఆ కదలిక ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది కనుక్కుంటే చాలు. ఒక పూట పని. ఒక స్పానరు, స్క్రూడ్రైవరు, సెన్సర్ బండి అయితే మామూలు మల్టీమీటరు, సాయానికి ఇంకో మనిషి ఉంటే మీరే చేసుకోవచ్చు.

ముందు మీ బండి ఏ రకమో చూడండి

బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మెలు పెట్టి, గేర్ బాక్స్ వెనక భాగం చూడండి. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) దగ్గర చూడాలి. వేలంత లావు నల్ల కేబుల్ ఒకటి నట్టుతో బిగించి ఉండి, పైకి డాష్‌బోర్డు వైపు వెళ్తుంటే అది కేబుల్ రకం. సన్నటి వైర్లు రెండో మూడో ఉన్న చిన్న ప్లాస్టిక్ కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) తగిలించి ఉంటే సెన్సర్ రకం. ఏబీఎస్ ఉన్న కొత్త బండ్లు చక్రాల దగ్గరి సెన్సర్ల నుంచే వేగం తీసుకోవచ్చు కాబట్టి వాటి గురించి ఇక్కడ చెప్పడం లేదు.

ముల్లు ఏం చేస్తోంది, అంకెలు ఏం చేస్తున్నాయి

కేబుల్ మీటర్ లోపల జరిగేది తెలిస్తే సగం రోగం సీట్లో కూర్చునే పట్టేయొచ్చు. కేబుల్ లోపలి తీగ తిరిగి మీటర్‌లో ఒక చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని మీద తాకీ తాకనట్టు ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది, ముల్లు ఆ గిన్నెకే బిగించి ఉంటుంది. అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో పుట్టే కరెంటు దాన్ని తనతో పాటు లాగుతుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ రెండు బలాలూ సరిపోయిన చోట ముల్లు ఆగుతుంది. జర్మనీకి చెందిన ఓట్టో షుల్జ్ ఈ పద్ధతికి 1902లో పేటెంటు తీసుకున్నాడు. వందేళ్ల తర్వాత తయారైన పికప్‌లలో కూడా అదే పద్ధతి నడిచింది. కిలోమీటర్ల అంకెలకు అయస్కాంతంతో పని లేదు. అయస్కాంతం తిరిగే ఇరుసు నుంచే చిన్న పళ్ల చక్రాలు వాటిని నేరుగా తిప్పుతాయి.

అంటే మీటర్ గుమ్మం దాకా రెండింటిదీ ఒకటే దారి, లోపలికి వెళ్లాకే విడిపోతాయి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ముల్లూ అంకెలూ రెండూ ఆగిపోతే తప్పు దాదాపుగా మీటర్‌కి బయటే ఉంది: కేబుల్ కానీ, గేర్ బాక్స్ దగ్గర కేబుల్‌ని తిప్పే చిన్న పళ్ల చక్రం, అంటే పినియన్ కానీ. అంకెలు తిరుగుతూ ముల్లు మాత్రం లేవకపోతే మీటర్ లోపలి స్ప్రింగో గిన్నో చెడింది. ముల్లు సరిగ్గా లేస్తూ అంకెలు ఆగితే లోపలి చిన్న పళ్ల చక్రాల్లో ఒకటి విరిగింది. ముల్లు వణుకుతూ, 20కీ 40కీ మధ్య ఊగుతూ, దానితో పాటు డాష్‌బోర్డు వెనక కిచకిచమని శబ్దం వస్తుంటే కేబుల్ ఎండిపోయింది, లేదా ఎక్కడో మడత పడింది. బండి కాస్త కదలగానే ముల్లు ఎగిరి చివరి అంకె దగ్గర ఆనుకుంటే, గ్రీజో గేర్ ఆయిలో కేబుల్ వెంట ఎక్కి మీటర్ లోపల చేరి ఉండొచ్చు. అద్దానికి లోపలి వైపు నూనె మసక ఉందేమో చూడండి.

కేబుల్ బండి అయితే

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి మొదలుపెట్టండి. మీటర్ స్క్రూలు విప్పి కొంచెం ముందుకు లాగితే వెనక కేబుల్ నట్టు చేతికి అందుతుంది. దాన్ని చేత్తోనే విప్పొచ్చు, ప్లయర్ వేస్తే ప్లాస్టిక్ నట్టు పగులుతుంది. కేబుల్ కొస బయటికి వచ్చాక గేరు న్యూట్రల్‌లో పెట్టి, దిమ్మెలు తీసి, సాయం మనిషిని బండిని మెల్లగా ముందుకు నెట్టమనండి. మీరు లోపలి తీగ కొసనే చూస్తూ ఉండండి. రెండు మూడు మీటర్లు కదిలేసరికి అది ఒక చుట్టైనా తిరగాలి.

తిరిగిందా? అయితే కింద అంతా బాగానే ఉంది. ఇప్పుడు ఆ కొసని వేళ్ల మధ్య పట్టుకుని దగ్గరగా చూడండి. అది నలుచదరంగా ఉంటుంది, మీటర్‌లోని చదరపు రంధ్రంలో కూర్చుంటుంది. అంచులు పదునుగా లేకుండా గుండ్రంగా అరిగిపోయి ఉంటే తీగ తిరుగుతుంది కానీ మీటర్‌ని తిప్పలేదు. ఒక్కోసారి కేబుల్ నట్టు సరిగ్గా బిగించక, కొస రంధ్రంలోకి పూర్తిగా దిగదు. తీసి మళ్లీ సరిగ్గా పెడితే బాగయ్యే కేసులు ఇవే. కొస బాగుంటే మీటర్‌ని పరీక్షించండి. పాత కేబుల్ ముక్క కానీ, ఆ రంధ్రంలో పట్టే సన్నటి చదరపు పుల్ల కానీ పెట్టి వేళ్లతో గబగబా తిప్పండి. ముల్లు కొంచెం లేచి, వదిలేయగానే సున్నాకి రావాలి. డ్రిల్ మిషను పెట్టి తిప్పకండి. ఎదురు దిశలో తిరిగితే, లేదా వేగం ఎక్కువైతే బాగున్న మీటర్ కూడా పాడవుతుంది.

తీగ తిరగలేదా? అయితే మళ్లీ దిమ్మెలు పెట్టి కిందికి రండి. గేర్ బాక్స్ దగ్గర కేబుల్ విప్పి తీగని లాగండి. సగం ముక్కే చేతికి వస్తే సమాధానం దొరికినట్టే. మొత్తం వస్తే దాన్ని నేల మీద పొడవుగా పరిచి ఒక కొస తిప్పండి. రెండో కొస వెంటనే, సాఫీగా తిరగాలి. ఆగి ఆగి ఎగిరినట్టు తిరిగితే తీగలో మడత ఉంది, అది ఇక సరికాదు. బయటి తొడుగుని సైలెన్సర్ పైపుకి ఆని ఉన్న చోటా, పదునుగా వంగిన చోటా తడిమి చూడండి. కేబుల్ ఎక్కడా పెద్ద వంపు తీసుకోవాలే తప్ప చటుక్కున మడవకూడదు. జానెడు కంటే ఇరుకు వంపు ఉన్న చోట కొత్త కేబుల్ వేసినా మళ్లీ తెగుతుంది.

కేబుల్ బాగుండి తిరగకపోతే పినియన్ చూడాలి. గేర్ బాక్స్‌లో కేబుల్ దిగే చోట ఒక బోల్టుతోనో క్లిప్పుతోనో బిగించిన చిన్న స్లీవు ఉంటుంది. కింద ఒక డబ్బా పెట్టి దాన్ని లాగండి, కొంచెం గేర్ ఆయిల్ కారుతుంది. దాని చివర ఉన్న చిన్న పళ్ల చక్రమే పినియన్. చాలా బండ్లలో ఇది నైలాన్‌ది. బట్టతో తుడిచి వెలుతురులో పెట్టి నెమ్మదిగా తిప్పండి. చుట్టూ పళ్లు బాగుండి ఒక్క చోట మాత్రం కత్తితో చెక్కినట్టు నున్నగా అయిపోయి ఉండడం తరచుగా కనిపిస్తుంది. కేబుల్ బిగుసుకుని ఆగిపోయినప్పుడు, గేర్ బాక్స్ లోపల పినియన్‌ని తిప్పే స్టీలు మర (స్క్రూ లాంటి పళ్లు) తిరుగుతూనే ఉండి ఆ చోట పళ్లని కోసేస్తుంది. అందుకే పినియన్ ఒక్కటే మార్చి పాత బిగుసు కేబుల్‌నే మళ్లీ తగిలించే మెకానిక్‌ని ఆపండి. కొత్త పినియన్ కూడా అదే చోట అరుగుతుంది. రెండూ కలిపే మార్చాలి, కనీసం కేబుల్‌ని శుభ్రం చేసి గ్రీజు పెట్టాలి. స్లీవు మీది రబ్బరు రింగు, లోపలి సీలు కూడా అప్పుడే మార్చేయండి. గేర్ ఆయిల్ కేబుల్ వెంట పైకెక్కి మీటర్‌ని ముంచేది ఆ సీలు పోయినప్పుడే. పినియన్ పళ్లన్నీ చక్కగా ఉండి, బండి కదిలినా అది తిరగకపోతే లోపలి మరే జారింది. అది గేర్ బాక్స్ విప్పే పని, మంచి మెకానిక్‌కి వదిలేయండి.

గ్రీజు పెట్టడంలో ఒక పద్ధతి ఉంది. లోపలి తీగని కిరోసిన్‌తో తుడిచి, ఆరాక, వేళ్ల మధ్య పలచటి గ్రీజు పట్టుకుని కింది కొస నుంచి పైకి రాయండి. మీటర్ వైపు చివర జానెడు మేర పొడిగా వదిలేయండి. తీగ తిరిగే కొద్దీ గ్రీజు తనంతట తనే పైకి పాకుతుంది. ఎక్కువ పెడితే మీటర్ లోపలికి పోతుంది. తొడుగులోకి ఆయిల్ డబ్బాతో పోయడం నేను ఒప్పుకోను. ఆ రోజుకి శబ్దం ఆగుతుంది, తర్వాత ముల్లు పోతుంది.

సెన్సర్ బండి అయితే

ఇక్కడ మొదటి ప్రశ్న: పక్కనున్న డీజిలు ముల్లు, టెంపరేచర్ ముల్లు పనిచేస్తున్నాయా? అవీ పడిపోతే ఫ్యూజు చూడండి, ఫ్యూజు బాగుంటే మీటర్‌కి వచ్చే ఎర్త్ చూడండి. హెడ్‌లైటు వేయగానే ముల్లులన్నీ కదిలితే ఎర్త్ సరిగ్గా లేదని అనుమానించాలి. స్పీడు ఒక్కటే పోతే కిందికి వెళ్లండి.

చెన్నైలో ఈ రకానికి పెద్ద శత్రువు నీళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, సముద్రపు గాలి, కాశిమేడు నుంచి చేపలు వేసే బండ్లకైతే ఐసు కరిగి కారే ఉప్పు నీళ్లు అన్నీ బండి కిందికే చేరతాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను నీళ్లలో నిలిచిపోయిన బండ్లలో అయితే కప్లర్‌లోకి నీళ్లు పోయే ఉంటాయి. కప్లర్ లాక్కుని లోపలికి టార్చి వేసి చూడండి. రాగి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, ఒక్కోసారి పిన్ను తినేసి సన్నటి పుల్లలా మిగిలి ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తోమి, ఆరనిచ్చి తగిలించి నడిపి చూడండి. మల్టీమీటర్ తీయకముందే పని అయిపోవచ్చు. ఎలుకలు కొరికిన వైరు, సైలెన్సర్ మీద పడి కరిగిన వైరు కూడా ఈ దారిలోనే కనిపిస్తాయి.

అప్పటికీ బాగవకపోతే ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపి కింద స్టాండు పెట్టండి. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది, చక్రం తిరగాలంటే దాన్ని వదలాలి. కాబట్టి ముందు చక్రాల దిమ్మెలు గట్టిగా ఉండాలి. ఒక్క చక్రమే లేపండి. రెండూ లేపితే, ఒకదాన్ని ముందుకు తిప్పినప్పుడు రెండోది వెనక్కి తిరిగి, గేర్ బాక్స్ నుంచి వెనక ఇరుసుకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కదలకుండా ఉండిపోతుంది, సెన్సర్ పోయిందని మీరు పొరపాటు పడతారు. చక్రాన్ని చేత్తోనే తిప్పండి. ఇంజిను స్టార్ట్ చేసి గేరు వేసి తిప్పడం ప్రాణం మీదికి తెచ్చుకునే పని.

మూడు వైర్ల సెన్సర్‌కి ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిను ఆఫ్‌లో, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. కప్లర్ తగిలించే ఉంచి, వెనక నుంచి వైరు పక్కన సన్నటి పిన్ను గుచ్చి కొలవండి. ఊడదీసి కొలిస్తే కొన్ని బండ్లలో సిగ్నల్ కనిపించదు. మల్టీమీటరు 20 వోల్టుల డీసీలో పెడితే కరెంటు వైరులో బ్యాటరీ వోల్టేజీ, కొన్నింటిలో 5 వోల్టులు రావాలి. రాకపోతే సెన్సర్‌ని తప్పు పట్టకండి, వైరింగు చూడండి. అది వస్తే సిగ్నల్ వైరు మీద పిన్ను పెట్టి, సాయం మనిషిని చక్రం చాలా నెమ్మదిగా తిప్పమనండి. అంకె సున్నా దగ్గరికి పడి మళ్లీ పైకి లేస్తూ ఉండాలి. కదలకుండా ఒకే చోట ఉంటే సెన్సర్ పోయి ఉంటుంది. అయితే అది కొనే ముందు విప్పి, సెన్సర్‌ని తిప్పే పళ్ల చక్రం బాగుందో లేదో కూడా చూడండి. ఇక్కడ సిగ్నల్ వస్తూ మీటర్ వెనక రాకపోతే మధ్యలో వైరు తెగింది. మీటర్ దాకా వస్తూ ముల్లు లేవకపోతే అప్పుడే మీటర్‌ని అనుమానించాలి.

రెండు వైర్లదైతే కప్లర్ ఊడదీసి సెన్సర్ రెసిస్టెన్స్ కొలవండి. మామూలుగా కొన్ని వందల నుంచి రెండు మూడు వేల ఓమ్‌ల మధ్య ఉంటుంది. అసలు ఏమీ చూపకపోతే లోపలి చుట్ట తెగింది. చక్రం జోరుగా తిప్పినప్పుడు ఏసీ వోల్టేజీ కొంచెమైనా రావాలి. సెన్సర్ ముక్కుకి ఇనుప పొడి అంటుకుని ఉంటే తుడవండి.

స్పీడ్ గవర్నర్ (వేగం హద్దు దాటకుండా ఆపే పరికరం) బిగించిన బండిలో ఇంకో చోటు చూడాలి. అది తరచుగా ఈ సెన్సర్ వైరు నుంచే సిగ్నల్ తీసుకుంటుంది. పాత కేబుల్ బండ్లలో కొన్నిటికి కేబుల్ మధ్యలో ఒక చిన్న సెన్సర్ ముక్క తగిలిస్తారు. వైరు ఒలిచి, మెలితిప్పి, టేపు చుట్టి వదిలేసిన జాయింటు వానకి తడిసి వదులవుతుంది. గవర్నర్ వేయించిన తర్వాతే మీటర్ పోయి ఉంటే ముందు ఆ జాయింటే చూడండి. గవర్నర్ మీది సీలు మాత్రం మీరే తెంచకండి, బిగించిన డీలర్ చేతే చేయించండి.

తిరుగుతోంది కానీ తప్పు చూపిస్తోంది అనిపిస్తే

రెడ్‌హిల్స్ దాటి గుమ్మిడిపూండి, తడ వైపు వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద రద్దీ లేని వేళ వెళ్లండి. ముల్లుని 60 దగ్గర నిలకడగా ఉంచి, పక్కన కూర్చున్న మనిషిని ఒక కిలోమీటరు రాయి నుంచి ఇంకో రాయి దాకా సమయం చూడమనండి. 60 సెకన్లు పడితే సరిగ్గా 60, 72 పడితే 50, 90 పడితే 40. ఫోనులో జీపీఎస్ వేగం చూసినా సరే, ఫోను మాత్రం మీ చేతిలో ఉండకూడదు. మీటర్ 63, 64 చూపిస్తూ జీపీఎస్ 60 అంటే అది చెడిపోయినట్టు కాదు, మీటర్లు కొంచెం ఎక్కువ చూపేలాగే తయారవుతాయి. తక్కువ చూపిస్తేనే కంగారు పడాలి.

10 కిలోమీటర్ల రాళ్లు లెక్కపెట్టి అంకెలు ఎంత తిరిగాయో కూడా రాసుకోండి. ముల్లూ అంకెలూ ఒకే పాళ్లలో తప్పితే టైరు సైజో, పినియన్ పళ్ల సంఖ్యో, మార్చిన డిఫరెన్షియలో (వెనక ఇరుసు మధ్యలోని గేర్లు) కారణం. 215/75 ఆర్15 టైరు ఎత్తు సుమారు 70 సెంటీమీటర్లు, 235/75 ఆర్15 సుమారు 73. ఎక్కువ బరువు లాగుతుందని పెద్ద టైరు వేసుకుంటే మీటర్ 60 అన్నప్పుడు బండి 62కి పైనే పోతుంటుంది, 10 కిలోమీటర్లకు అంకెలు 9.6 మాత్రమే తిరుగుతాయి. అంకెలు సరిగ్గా ఉండి ముల్లు ఒక్కటే తప్పితే మీటర్ లోపలి స్ప్రింగో అయస్కాంతమో నీరసించింది.

కొనాల్సి వస్తే

కేబుల్, పినియన్, సెన్సర్ విడిభాగాల కొట్లుండే జీపీ రోడ్డులో కొత్తవే కొనండి. పాత భాగం చేతిలో పట్టుకునే వెళ్లండి, మోడల్ పేరు చెప్తే సరిపోదు. ఒకే మోడల్‌లో కూడా పినియన్ పళ్లు, కేబుల్ పొడవు మారుతుంటాయి. పళ్లు లెక్కపెట్టి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీటర్ నిజంగానే పోతే పుదుపేటలో సెకండ్ హ్యాండ్‌ది దొరుకుతుంది. కొట్లోనే చదరపు రంధ్రంలో పుల్ల పెట్టి తిప్పి, ముల్లు లేచి సున్నాకి వస్తోందా, అంకెలు కదులుతున్నాయా చూసి తీసుకోండి. డయల్ మీదో వెనకో నిష్పత్తి అంకె (కిలోమీటరుకి కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పేది) రాసి ఉంటే అది మీ పాతదానితో కలవాలి.

ఆ మీటర్‌లో వేరే బండి కిలోమీటర్లు ఉంటాయి. అంకెలు వెనక్కి తిప్పి ఇస్తామంటే వద్దనండి. బిగించిన రోజు తేదీ, పాత మీటర్ ఆగిన అంకె, కొత్త మీటర్ మొదలైన అంకె మూడూ సర్వీసు పుస్తకంలో రాసి, రెండు డయళ్లకూ ఫోటో తీసి పెట్టుకోండి. రేపు బండి అమ్మేటప్పుడు కొనేవాళ్లకి అవి చూపించండి. పాత మీటర్ ఎన్నాళ్లు ఆగి ఉందో తెలియకపోతే ఆయిలు, ఫిల్టరు ఇప్పుడే మార్చించి, అక్కడి నుంచి కొత్త లెక్క మొదలుపెట్టండి.